గంజిదొడ్డి పటం

ఆత్మకూరు, 1877 ఆగస్టు 6

దస్త్రాలు కుట్టగా మిగిలిన కాగితం ముక్కలు కలిపి కుట్టుకున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. పగలంతా జమీందారుగారి ఠాణా కచేరీలో ఎవరెవరి కాగితాలకో గీతలు గీసి, సిరా కాచి, అట్టలు అంటించి ఇంటికి వచ్చాక నోరు విప్పబుద్ధి కావడం లేదు. శీనమ్మ ఏం అడిగినా విసుక్కుంటున్నాను. పెళ్ళాం మీద విసుక్కునే కంటే కాగితం మీద విసుక్కోవడం మేలు.

పొద్దున జమీ వ్యవహారాలు చూసే పేష్కారుగారు పిలిపించారు. ఉదయగిరిలో కొండ కింద జమీందారుగారు పెట్టించిన గంజిదొడ్డిని పెద్ద గుడ్డ మీద పటంగా వేయాలట. చెన్నపట్నం మ్యూజియానికి పంపుతారట. ఈ కరువులో మన జమీ ఎంత ధర్మం చేసిందో అక్కడ అందరూ చూడాలట.

"మీ నాయన రథానికి బొమ్మలు వేసినోడు కదరా పిచ్చయ్యా. నీ చేతిలో గూడా పని ఉండాదని అంటుండారు. పోయి నాలుగు రోజులు అక్కడ కూసోని చూసి రా" అన్నారు.

సరేనన్నాను. నాయన పోయాక పెద్ద పని నా చేతికి రావడం ఇదే మొదలు. సంతోషించాలనే అనుకుంటున్నాను. పైగా ఉదయగిరిలో అమ్మనూ నాగులమ్మనూ చూసి రావచ్చు. వానలు ఎగ్గొట్టి ఇది రెండో ఏడు. చెల్లెలు మొగుడు పోయి పుట్టింటికి వచ్చి మూడేళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళే కదా, బండ్లు పోయినప్పుడల్లా నేను పంపే జొన్నలు చాలుతాయి. అమ్మ కూడా చాలుతున్నాయనే కబురు చేసింది.

ఆగస్టు 9

వింజమూరు దాటాక బాట పక్కన మనుషులు పడుకుని ఉన్నారు. బండివాడు ఎద్దులను ఆపలేదు. నేనూ ఆపమనలేదు.

ఉదయగిరి, ఆగస్టు 10

అమ్మ చెంపలు లోపలికి పోయాయి. గుమ్మంలో నన్ను చూసి సంతోషపడడానికి బదులు కంగారు పడింది. "చెప్పకుండా వచ్చినావేందిరా?" అంది.

నాగులమ్మ ఇంట్లో లేదు. పుల్లలకు పోయిందట. చీకటి పడే వేళకు వచ్చింది. చేతిలో పుల్లలు లేవు. నాకు మంచినీళ్ళు ఇచ్చి, "వదిన బాగుండాదా? మస్తాని ఎంత పొడుగైంది?" అని నా కూతురి సంగతి కూడా అడిగి, గోడవైపు తిరిగి పడుకుంది.

కొట్టు మూల కుండలో నేను పంపిన జొన్నలు అడుగున ఉన్నాయి. అమ్మ మూత పెట్టేసింది. "చాలుతుండాయా?" అంటే "మేమేం దున్నే ఎద్దులమా, ఎంత తింటాం?" అంది. చాలుతున్నాయనే అనుకున్నాను.

ఆగస్టు 12

ఈ రోజు ఏమీ రాయలేను.

ఆగస్టు 13

నిన్నటిది రాయాలి. రాస్తే తప్ప చేయి కదిలేట్టు లేదు.

గంజిదొడ్డి అంటే కంపతో కట్టిన పెద్ద దడి. లోపల పొయ్యిల మీద బానలు. బయట వరస. వరస చివర నాకు కనబడలేదు. జమీ గుమాస్తా నన్ను పందిరి నీడలో పీట వేసి కూర్చోబెట్టాడు. గుమ్మం దగ్గర కావలివాడు హుసేనయ్య వెదురు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అతనూ బక్కచిక్కే ఉన్నాడు. వరస తోసుకున్నప్పుడల్లా కర్ర లేపుతాడు. కొన్నిసార్లు లేపి దించుతాడు. కొన్నిసార్లు కొడతాడు. కొట్టాక ఒక్కోసారి "లేయ్ తల్లీ, లేయ్" అంటాడు.

నేను ఆ కర్ర పట్టుకున్న చేతినే గీస్తున్నాను. మడమ మీద నిలబడి, నడుం వెనక్కి వంచి, చేయి పైకి. మంచి గీత. ఆ గీత బాగా కుదిరిందని నాలో నేను మురిసిపోతున్నాను కూడా. కర్ర దిగింది. ఒక ఆడమనిషి భుజం మీద పడింది. ఆమె చేతిలోని ముంత జారి పగిలింది. తల ఎత్తింది. నాగులమ్మ.

నన్ను చూసింది. చూసి, పైట ముఖం మీదికి లాక్కుంది. దెబ్బ తగిలిన భుజాన్ని పట్టుకోలేదు, ముఖం కప్పుకుంది.

లేచాను. జనం అడ్డం వచ్చారు. నేను దడి దగ్గరికి చేరేసరికి ఆమె లేదు.

ఇంటికి వచ్చి అమ్మ ముందు ఏమీ అడగలేదు. నాగులమ్మా ఏమీ చెప్పలేదు. మేము ముచ్చివాళ్ళం, రథానికి రంగులు వేసేవాళ్ళం, పదిమందిలో నిలబడి ఎవరో కాచిన గంజి ఎట్లా తాగుతాం? ఈ మాట నాయన బతికుంటే అనేవాడు. ఇప్పుడు ఎవరూ అనకుండానే ఇంట్లో తిరుగుతోంది.

ఆగస్టు 14

నాగులమ్మకు జ్వరం.

ఆగస్టు 17

పోయింది. తెల్లవారుజామున.

అమ్మ ఏడవలేదు. స్నానం చేయించి వచ్చి నా చేయి పట్టుకుంది. "జరం వచ్చినాది. ఇంట్లోనే పోయినాది. ఎవురడిగినా అంతే చెప్పు" అంది. "అది యాడికీ పోలా. యాడా నిలబడలా. విన్నావా?"

విన్నానన్నాను.

ఆత్మకూరు, అక్టోబరు 22

వానలు పడ్డాయి. అందరూ వీధిలోకి వచ్చి తడిశారు. మస్తాని తడిసి జలుబు తెచ్చుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, వాన అంటే ఎట్లా ఉంటుందో మరిచిపోయినట్టు ఆకాశంలోకి నోరు తెరిచి నిలబడింది.

పేష్కారుగారు గుడ్డ పంపారు. చింతగింజల గంజి పట్టించి ఎండబెట్టాను. గుడ్డకు గంజి పట్టిస్తుంటే చేతులు ఆగాయి. శీనమ్మ చూసి గిన్నె తీసుకుని తనే పట్టించింది.

నవంబరు 30

కొండ అయింది. కోట గోడలు అయ్యాయి. బానలు, పొయ్యిలు, పొగ అయ్యాయి. పందిరి కింద గుమాస్తాను వేశాను. వరస వేస్తున్నాను.

డిసెంబరు 11

హుసేనయ్యను వేశాను. కర్ర వేశాను. కర్ర కింద ఎవరో ఒక ఆడమనిషిని, ఆమె కాళ్ళ దగ్గర పగిలిన ముంతను వేశాను. ఎవరైనా కావచ్చు. ముఖం మీద పైట ఉంది కనక ఎవరని చెప్పలేరు.

డిసెంబరు 12

శీనమ్మ రంగులు నూరుతూ పటం చూసి, "నాగులమ్మ పచ్చ చీర గదా అది, అంచు చిరిగిపోతే నేనే కుట్టించినా" అంది. ఎర్ర ఇంగిలీకం నూరే రాయి పక్కన పెట్టి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బాగుండాది" అంది.

1878 ఫిబ్రవరి 3

అమ్మను ఆత్మకూరు తీసుకొచ్చాను. ఉదయగిరి ఇల్లు తాళం వేశాం. ఒంటరిగా ఉంచలేను. ఆమె కూడా ఎదురు చెప్పలేదు. ఇదివరకు అయితే చెప్పేది.

పటాన్ని గోడవైపు తిప్పి పెట్టాను.

ఫిబ్రవరి 9

మస్తాని తిప్పేసింది. "అవ్వా, నాయన వేసినాడు చూడు, మన ఊరు!" అని చేయి పట్టి లాక్కొచ్చింది.

అమ్మ కొండ చూసింది. "అది పెద్ద బురుజు. అవునా?" అంది. తరవాత వరస చూసింది. ఎడమ పక్క నుంచి ఒక్కొక్కరినే చూస్తూ వచ్చింది. పచ్చ చీర దగ్గర ఆగింది.

ఆమె నా వైపు తిరగలేదు.

"నా బిడ్డని గంజికి నిలబెట్టినావు" అంది.

"నేను నిలబెట్టలేదమ్మా. నిలబడి ఉంటే చూసినాను."

"చూస్తే చూసినావు. చూసిందంతా వెయ్యాలనేముండాది? దాన్ని పట్నం పంపిస్తావా? ఊరూరి జనం అంతా వచ్చి, ముచ్చివాళ్ళ కూతురు దెబ్బలు తింటా గంజికి పోయినాదని చూడాల్నా?"

"ముఖం కనబడదమ్మా."

"నాకు కనబడుతుండాది" అంది. "చెరిపెయ్. ఆడ ఒక చెట్టు వెయ్."

మార్చి 2

అమ్మ నాతో మాట్లాడడం లేదు. మస్తానితో చెప్పి నాకు చెప్పిస్తోంది. "మీ నాయనకు చెప్పు, చెట్టు వెయ్యడం ఎంతసేపు అని."

తెల్లరంగు కలిపి పటం ముందు కూర్చున్నాను. రంగు ఎండిపోయింది.

మార్చి 27

ఈ రోజు పేష్కారుగారు ఇంటికే వచ్చారు. గుమ్మంలో నిలబడి చూశారు. చాలాసేపు మెచ్చుకున్నారు. కొండ అచ్చంగా కొండలాగే ఉందన్నారు. బానల్లోంచి ఆవిరి లేస్తున్నట్టే ఉందన్నారు. తరవాత కర్ర మీద వేలు పెట్టారు.

"ఇదేందిరా?"

"కర్రండీ."

"అది తెలుస్తుండాది. ఎందుకు వేసినావు?"

"ఉన్నిందండీ."

"ఉంటే? కాకులు గూడా ఉన్నాయి, కుక్కలు గూడా ఉన్నాయి, అవన్నీ వేసినావా? ధర్మం చేసే చోట కర్ర ఎందుకు? దాన్ని గరిటె చెయ్. చెయ్యి ఎట్టాగూ పైకి ఉండాది, గరిటెతో గంజి పోస్తున్నట్టు అయిపోతుంది. నీకు పెద్ద పని గూడా కాదు."

నిజమే. పెద్ద పని కాదు. నాలుగు గీతలు. చూస్తూ చూస్తూ ఉంటే ఆ చేయి గరిటె పట్టుకున్న చేయిలాగే కనబడడం మొదలుపెట్టింది. అదే భయం వేసింది.

ఆయన పోతూ ఒక కబురు చెప్పారు. ఉత్తరాన దేశభాషల పత్రికల మీద సర్కారు చట్టం తెచ్చిందట. రాయకూడనివి రాస్తే అచ్చుయంత్రం జప్తు. మన చెన్నపట్నం ప్రెసిడెన్సీకి అది వర్తించదట. "కాబట్టి నీకు ఏం భయం లేదు, నీ ఇష్టం వచ్చినట్టు వేసుకోవచ్చు" అని నవ్వారు. "కర్ర మాత్రం తీసెయ్."

మార్చి 30

పేష్కారుకు కర్ర వద్దు. అమ్మకు కూతురు వద్దు. రెండూ తీసేస్తే కొండ మిగులుతుంది. కొండ మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

గుడ్డ జమీందారుది. రంగులు జమీందారువి. నేను తినే తిండి ఆయన ఠాణాలోది. ఆ చేయి మాత్రం, ఆ లేచిన చేయి, నేను చూసింది. చూసింది ఎవరిది? చూసినవాడిదా, దెబ్బ తిన్నదానిదా? నాగులమ్మ ముఖం కప్పుకుంది. అంటే వేయవద్దనే కదా చెప్పింది. అమ్మ కూడా అదే చెబుతోంది. మరి పేష్కారు చెబితే ఒళ్ళు మండే నాకు, అమ్మ చెబితే ఒళ్ళెందుకు మండదు? అమ్మ చెబితే తల వంగుతుంది. చేయి మాత్రం ఇద్దరి మాటా వినడం లేదు.

అలిసిపోయాను. రథం మీద చిలకలు వేసుకున్న మా నాయనకు ఈ బాధ లేదు.

ఏప్రిల్ 18

అనుకోనిది జరిగింది. మ్యూజియం కోసం దేశం తిరుగుతూ వస్తువులు సేకరించే దొర ఒకాయన ఠాణాకు వచ్చాడు. ముసలివాడు, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. పటం కోసం నేరుగా మా ఇంటికే వచ్చేశాడు. పేష్కారుగారు వెనకాల రొప్పుతూ వచ్చారు.

"ఇంకా పూర్తి కాలేదండీ, కొన్ని దిద్దుబాట్లు ఉండాయి" అన్నారు పేష్కారుగారు.

దొర పటానికి దగ్గరగా వంగి వరస అంతా చూశాడు. అమ్మ చూసినట్టే, ఒక్కొక్కరినే. నా వైపు తిరిగి, "నువ్వు చూసినావా?" అని అడిగాడు.

"చూసినానండీ."

"దిద్దవద్దు" అన్నాడు. మనుషులను పిలిచి చుట్టించి బండిలో పెట్టించాడు.

అమ్మ లోపల నుంచి చూస్తూనే ఉంది. బండి కదిలాక కూడా గుమ్మంలోకి రాలేదు.

ఏప్రిల్ 20

పేష్కారుగారు నన్ను చాలాసేపు నిలబెట్టారు. కేకలు వేయలేదు. అదే బాధ. ఒక కాగితం ముందు పెట్టారు. పటంలోని కర్ర, దెబ్బ, ఆ ఆడమనిషి నా కల్పన అనీ, అట్టాంటిదేదీ గంజిదొడ్డిలో జరగలేదనీ అందులో ఉంది. ఆ కాగితం కూడా మ్యూజియానికి పంపుతారట.

"పటం ఎట్టాగూ పోయినాది. ఇది పెడితే నీకూ మంచిది, మాకూ మంచిది. నీ పటానికి ఎవురూ చెయ్యి పెట్టలా గదా?"

నిజమే, ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒక్క గీత కూడా మారలేదు. మాట వేరు, బొమ్మ వేరు. బొమ్మ అక్కడ చెప్పేది చెబుతూనే ఉంటుంది.

సంతకం చేశాను. ఆ సిరా నేను కాచిందే. బాగా నల్లగా కుదిరింది.

జూన్ 4

ఏమీ వేయడం లేదు. కాగితాలకు గీతలు గీస్తున్నాను.

సెప్టెంబరు 15

గోడ మీద పటం ఉన్న చోట సున్నం వేరే రంగులో ఉంది. శీనమ్మ అక్కడ జల్లెడ తగిలించింది.

నవంబరు 8

అమ్మ ఈ రోజు నాతో నేరుగా మాట్లాడింది. పప్పు చెరుగుతూ, చేట మీద నుంచి చూపు తిప్పకుండా, "దాన్ని యాడ పెట్టినారంట?" అని అడిగింది.

"మ్యూజియంలో."

"అంటే?"

"చచ్చిన జంతువులు, పాత రాళ్ళు, నాణేలు పెట్టి ఉంటారంట. ఎవరైనా పోయి చూడొచ్చంట."

"ఎండ తగలదు గదా?"

"తగలదు. పెద్ద మేడ."

డిసెంబరు 19

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర శీనమ్మ అంది: "ఏమయ్యా, చెన్నపట్నంలో మా చిన్నాయన ఉండాడు గదా, సంకురాత్రి పోయినాక అందరం ఒకసారి పోయొద్దామా? మస్తాని సముద్రం చూళ్ళా." సముద్రం మాట శీనమ్మది కాదని నాకు తెలుసు. అమ్మ తల వంచుకుని తింటూ ఉంది.

చెన్నపట్నం, 1879 ఫిబ్రవరి 5

బండి మీద నెల్లూరు, అక్కడ నుంచి కృష్ణపట్నం, ఆపైన కాలవలో పడవ. పడవలో అమ్మ చాలా దూరం వరకు గట్ల వైపే చూస్తూ కూర్చుంది. అందరం ఒళ్ళు హూనమై చేరాం. శీనమ్మ చిన్నాయన మునెయ్య మామ చింతాద్రిపేటలో అచ్చుబొమ్మల దుకాణంలో పని చేస్తాడు. ఒక్క గది. అందులోనే అందరం. ఆయన మాత్రం "నాలుగు నెలలు ఉండండి, ఎవురు కాదంటారు" అంటున్నాడు.

ఫిబ్రవరి 6

పోయాం. ఊళ్ళో జనం మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అంటున్నారు. బజారు వీధుల వాళ్ళు, పల్లెల వాళ్ళు, చంకలో పిల్లలతో, మూటలతో వచ్చి తిరుగుతున్నారు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు. నాకు అది వింతగా ఉంది.

మస్తాని పులి ముందు నుంచి కదలదు. గాజు కళ్ళని చెప్పినా నమ్మదు. "నాయనా, అది నన్నే చూస్తుండాది." పెద్ద చేప ఎముకలు చూసి శీనమ్మ చెంపలు వేసుకుంది. ఒక గదిలో తెల్లరాతి మీద చెక్కిన మనుషులు గుంపులు గుంపులుగా ఉన్నారు. ఎప్పటివో, ఎవరు చెక్కారో. ఒక రాతిలో ఒక ముసలామె వంగి ఎవరి కాళ్ళకో మొక్కుతోంది. ఆ నడుం వంపు ఎంత బాగా చూశాడో ఆ చెక్కినవాడు. వాడిని ఎవరైనా చెరిపెయ్యమన్నారేమో. అన్నా ఇప్పుడు ఎవరికి తెలుసు?

అమ్మ మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది. "కాళ్ళు నొస్తుండాయి. మీరు చూసి రాండి" అంది. ఎంత పిలిచినా లేవలేదు.

పటం పైన గదిలో, గుడ్డలూ బుట్టలూ కుండలూ పెట్టిన చోట ఉంది. అద్దం బిగించారు. అక్కడ మా ఇంట్లో కంటే చిన్నదిగా కనబడింది. కింద అట్టముక్క మీద ఇంగ్లీషు, తెలుగు, అరవం. తెలుగులో ఇలా ఉంది: ఉదయగిరి దగ్గర జమీవారి అన్నదానశాల. వేసినవాడు ఆ ప్రాంతపు ముచ్చి. కర్ర, దెబ్బ తన కల్పన అని చిత్రకారుడే ఒప్పుకున్నాడు.

శీనమ్మకు చదువు రాదు. "ఏం రాసినారు?" అంది.

"నేను వేసినానని రాసినారు."

మురిసిపోయింది.

ఫిబ్రవరి 7

నిద్ర లేకుండా లేచాను. ఈ రోజు సముద్రం చూద్దామని మునెయ్య మామ అన్నాడు. అమ్మ చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి, "సముద్రం యాడికీ పోదు. ఆ మేడకు పోదాం పదండి" అంది.

మెట్లు నా భుజం పట్టుకుని ఎక్కింది. పులి దగ్గర ఆగలేదు. పటం ముందు అప్పటికే కొందరు ఉన్నారు. కూలీ మనుషుల్లా ఉన్నారు. ఒక నడివయసు ఆమె, రోశమ్మ అని తరవాత తెలిసింది, పటానికి ముక్కు ఆనించి చూస్తోంది. సీతారామపురం వాళ్ళట. కరువులో ఊరు వదిలి ఇక్కడికి వచ్చి, తిరిగి పోకుండా హార్బరు పనిలో ఉండిపోయారట.

"ఇది మన ఉదయగిరి కొండ. ఇదో, ఈ పందిట్లోనే మా మామ పోయినాడు" అంటోంది పక్కవాళ్ళతో.

కోటు వేసుకున్న ఒక గుమాస్తా లాంటాయన అట్టముక్క చదివి అందరికీ వినబడేట్టు చెప్పాడు. "కొట్టడం అదంతా కల్పన అని రాసినారు. బొమ్మ వేసినోడు ఊహించి వేసినాడంట."

రోశమ్మ తిరిగి చూసింది. "ఊహా? మా అత్త ఈపున మచ్చ ఉండాది, అదీ ఊహేనా?"

"ఏమో, రాసింది చెబుతుండా. వేసినోడే ఒప్పుకున్నాడని ఉండాది."

అమ్మ అప్పటివరకు నా వెనకాల ఉంది. ముందుకు వచ్చింది. మనుషులను చేత్తో పక్కకు జరిపి, అద్దం మీద వేలు పెట్టింది. పచ్చ చీర మీద.

"ఇది నా కూతురు" అంది.

"నాగులమ్మ దీని పేరు. ఉదయగిరి. గంజికి పోయినాది. దెబ్బ తిన్నాది. జరం వచ్చి నాలుగో నాటికి పోయినాది. ఊహంట, ఊహ! దీన్ని నేను కన్నా." గొంతు పెద్దదయింది. గది అవతల ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూస్తున్నారు. "వేసినోడు వీడే. నా కొడుకు. అడగండి వీణ్ణి, ఊహించి వేసినాడేమో అడగండి."

అందరూ నన్ను చూశారు. అమ్మ కూడా చూసింది. ఆ కాగితం సంగతి ఆమెకు తెలియదు. శీనమ్మకూ తెలియదు.

"చూసే వేసినాను" అన్నాను. "కల్పన అని వాళ్ళు రాయించుకున్నారు. నేను సంతకం పెట్టినాను. అది అబద్ధం."

గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, "అట్టయితే మ్యూజియం దొరకు చెప్పుకో పో" అన్నాడు. రోశమ్మ మాత్రం అమ్మ చేయి పట్టుకుని కింద కూర్చోబెట్టింది. ఇద్దరూ పటం కిందనే గచ్చు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరెవరు పోయారో, ఎవరు మిగిలారో. మస్తాని అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని వింటూ ఉంది.

శీనమ్మ నన్ను పక్కకు పిలిచి, "సంతకం పెట్టినానని నాకెందుకు చెప్పలేదు?" అంది. "పద, ఆ దొర యాడుండాడో కనుక్కుందాం" అంది.

ఫిబ్రవరి 8

దొర ఊళ్ళో లేడు. ఆయన కింద ఉద్యోగి ఒకతను శ్రద్ధగా విన్నాడు. జమీవారి ఉత్తరం ఉంది కనక అట్టముక్క మార్చాలంటే నేను రాసి ఇవ్వాలన్నాడు. రాసి ఇచ్చాను. మారుస్తారో లేదో తెలియదు. ఇప్పుడు రాసింది మాత్రం నేను చెప్పిన మాటే.

పడవలో, ఫిబ్రవరి 11

గాలి లేదు. పడవవాళ్ళు గట్టు మీద నుంచి తాడుతో లాగుతున్నారు. శీనమ్మా మస్తానీ నిద్రపోయారు. మధ్యాహ్నపు ఎండ. అమ్మ నా పక్కకు జరిగి కూర్చుంది.

"నీకు కోపం వచ్చింది గదా, చెట్టు వెయ్యమన్నానని" అంది.

"లేదమ్మా."

"నువ్వు పంపిన జొన్నలు చాల్లా. మస్తాని కడుపు కొట్టి పంపుతుండావేమోనని చాలుతుండాయని చెప్పినా. అది గంజికి పోయేది. ఒక ముంత ఆడ తాగేదంట, ఒక ముంత నాకు తెచ్చేది. పైట చాటున పెట్టుకుని, ఎవురూ చూడకుండా ఎనక సందులో నుంచి వచ్చేది. నేను తాగినానురా. దినామూ తాగినా. నువ్వు తాగినావా అంటే ఆడే తాగొచ్చినా అనేది. నిజంగా ఆడ తాగేదో లేదో నేను ఎప్పుడూ గట్టిగా అడగలా."

"ఆ పటం చూసినప్పుడు నా గుండె ఎందుకు పగిలిందంటే, పరువు కాదు. పగిలిన ముంత వేసినావు చూడు. అది నా ముంత. నాకోసం రెండోసారి నిలబడింది." నీళ్ళ వైపు చూస్తూ అంది, "దెబ్బ తిని గూడా ఆ రోజు ఇంటికొచ్చి, గంజి అయిపోయినాది అమ్మా, రేపు తెస్తా అన్నాది."

పడవ కదులుతోంది. నేను అమ్మ చేయి పట్టుకోవాలనుకున్నాను. ఆమే పట్టుకుంది.

"అది గూడా వెయ్" అంది. "అది నిలబడింది మాత్రమే వేస్తే ఎట్టా? నేను తాగింది గూడా వెయ్."

ఆత్మకూరు, ఫిబ్రవరి 24

చెన్నపట్నం నుంచి ఉత్తరం మా కంటే ముందే చేరినట్టుంది. పేష్కారుగారు నన్ను చూసి తల కూడా ఎత్తలేదు. "రేపటి నుంచి రావొద్దు" అన్నారు. పని సామాను సర్దుకుని వచ్చేశాను. దారిలో భయం వేసింది. చాలా భయం వేసింది. ఇప్పుడు కూడా ఉంది.

శీనమ్మ విని, పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోసింది. "సంగం ఊళ్ళో కోవెల గోపురానికి రంగులు వేయించాలని అంటుండారంట. అడిగి చూడు" అంది. తరవాత లేచి గోడ మీది జల్లెడ తీసేసింది.

మార్చి 9

సంగం వాళ్ళు చూద్దామన్నారు. అంతవరకు పెట్టెలకు పూలు వేస్తున్నాను, పెళ్ళి పీటలకు చిలకలు వేస్తున్నాను. ఒంటి అలుపు తీరడం లేదు. అయినా పని ముగించుకుని పొద్దు ఉండగానే పాత చీర ముక్కకు గంజి పట్టించాను.

మార్చి 12

అమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. చేతిలో ముంత ఇచ్చాను. గుడ్డ మీద ఆమెకు ఎదురుగా నాగులమ్మకు చోటు వదిలాను. ఆ చోటు ఇంకా ముట్టుకోలేదు. మొదట అమ్మను గీశాను. మెడ, చెంప, ముంత పట్టుకున్న వేళ్ళు.

సగం అయ్యాక లేచి వచ్చి చూసింది. మూతి తిప్పింది.

"ఇదెవురు? నేనా? కరువులో ఇంత లావుండానా? చెంపలు ఇట్టా ఉన్నాయా? చెరిపి మళ్ళా గియ్యి."

పోయి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంది. చెరిపి మళ్ళీ గీశాను.